పేరు పక్కన అంకె

జూన్ 11, బుధవారం

డైరెక్టర్ వెంకటరామారావు గారు పిలిపించారు. ఆయన గదిలో ఏసీ పనిచేయడం లేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. దుర్గ సంగతే మాట్లాడారు. మే ఆఖరి వానలకు వాగు దాటలేక ఇంట్లోనే కాన్పయి, రక్తమంతా పోయి, మా ఆస్పత్రికి చేరేసరికి చేతులు చల్లబడిపోయిన అమ్మాయి. తల్లి దక్కలేదు. బిడ్డ దక్కింది. నెలలు నిండని ఆడపిల్ల, పసిపిల్లల వార్డులో ఉంది.

వాగులు పొంగకముందే అడవి ఊళ్ల గర్భిణుల్లో ఎవరిని తెచ్చి ఇక్కడ ఉంచుకోవాలో మా జాబితా చెబుతుంది. అందులో దుర్గ పేరు రాలేదు. రావాల్సిన పేరు. ఆ జాబితా తీసేది ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే గణాంకాల సాఫ్ట్‌వేర్.

"బోర్డువాళ్లు ఒకటే అడుగుతున్నారమ్మా," అన్నారు డైరెక్టర్ గారు. "ఊరికే వచ్చినదాన్ని ఆస్పత్రిలో ఎట్లా వాడారు, దానికి పూచీ ఎవరు అని. ఒక రిస్క్ అసెస్‌మెంట్ రాయి. స్టాటిస్టీషియన్‌వి నువ్వే కదా. నెలాఖరుకిచ్చేయ్."

"తప్పు దానిదేనని తేలిందా సార్?"

"తేల్చమనే కదా నీకు చెప్పేది."

సరే అని వచ్చేశాను. ఈ మధ్య దేనికైనా సరే అనేస్తున్నాను. కాదనాలంటే ఓపిక కావాలి.

జూన్ 12

ఏమీ రాయలేదు. వాన ముఖం చూపించి పోయింది. మళ్లీ ఎండ.

జూన్ 14, శనివారం

రిపోర్టు మొదలుపెట్టాను. ఉచిత సాఫ్ట్‌వేర్‌కి అమ్మినవాడు ఉండడు కాబట్టి ఫోన్ చేసి నిలదీయడానికి మనిషి ఉండడు. ఇది నిజం. కానీ దాని లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, కొన్నదానికి ఆ వీలుండదు. ఇదీ నిజమే. కొత్త వెర్షన్లు వస్తూ ఉంటాయి, నిన్న ఒక రకంగా చేసిన లెక్కని రేపు ఇంకో రకంగా చేస్తుంది. మార్చామని ఎక్కడో రాసే పెడతారు, చదివేవాళ్లే ఉండరు. ఇది మరీ నిజం. అక్కడికి ఆపి టీకి లేచాను.

పసిపిల్లల వార్డు తలుపు దగ్గర దుర్గ అత్త కొండమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. మనవరాలిని రొమ్ముకి ఆనించి, గుడ్డతో కట్టుకుని, ఒంటి వేడి ఇస్తోంది. తల్లి లేని పిల్లకి అలా చేయమని నర్సులు నేర్పారు. కోయ పల్లె మనిషి, ఆస్పత్రిలో ఎవరినీ ఏమీ అడగదు. ఇవాళ నన్ను అడిగింది.

"నువ్వేం పని జేస్తవు బిడ్డా? సూదియ్యవు, చీటీ రాయవు. ఉత్తగ తిరుగుతనే ఉంటవు."

"లెక్కలు చేస్తానమ్మా."

"ఏం లెక్కలు?"

"ఎవరికి ప్రమాదముందో ముందుగా చూసే లెక్కలు."

పిల్ల వీపు నిమిరింది. "మంచి పనే," అంది.

వెటకారం లేదు. ఉండి ఉంటే బాగుండేది. టీ తాగకుండానే గదికి వచ్చేశాను.

జూన్ 17, మంగళవారం

దొరికింది.

కాన్పుల వార్డు పక్క గదిలో పాత కంప్యూటర్ ఒకటుంది. ఏప్రిల్ జాబితా దాని మీద తీశారు. అదే ఫైలుని నా కంప్యూటర్ మీద నడిపితే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వచ్చి ఆగిపోయింది. పాతదాని మీద నడిపితే ఏ గొడవా లేకుండా జాబితా వచ్చేసింది, దుర్గ లేని జాబితా. రెండింటిలోనూ ఉన్నది ఒకే సాఫ్ట్‌వేర్. వెర్షన్లు వేరు.

హిమోగ్లోబిన్ వరసలో ఒక్క చోట, ఏదో సబ్‌సెంటర్ నుంచి, అంకె రాయాల్సిన గడిలో 'చేయలేదు' అని ఇంగ్లీషులో టైపు చేశారు. ఆ ఒక్క మాట చూసి పాత వెర్షన్ వరస మొత్తాన్ని మాటలనుకుంది. మాటల్ని డిక్షనరీలోలా పేర్చుకుని ఒక్కోదానికీ ఒక వరస నంబర్ ఇచ్చుకుంది. ఒకటితో మొదలయ్యేవి ముందు. అంటే పది, పదకొండు, పన్నెండు శాతం రక్తం ఉన్నవాళ్లంతా ముందు. వాళ్ల వెనక ఆరు. దుర్గ రక్తం 6.4. ఆ వరసలో దాని చోటు పద్నాలుగు. సాఫ్ట్‌వేర్‌కి ఏం చేయాలో మావాళ్లు రాసిచ్చిన ప్రోగ్రాం ఆ పద్నాలుగునే రక్తం అనుకుంది. పద్నాలుగు నాకే లేదు, ఈ ఆస్పత్రిలో ఏ ఆడమనిషికీ ఉండదు.

పది ఉన్నవాళ్లకి ఒకటీ రెండూ వచ్చాయి. మే నెలలో వార్డు నిండా పుష్టిగా ఉన్నవాళ్లే చేరి 'మమ్ముల ఎందుకు విలిసిండ్రు' అని నవ్వుకున్నది అందుకన్నమాట. మేమూ నవ్వాం. జాబితాలో పేర్లే వస్తాయి, అంకెలు రావు. అంకె కూడా వచ్చి ఉంటే, రక్తం రెండే ఉన్న మనిషి బస్సు దిగి నడిచి రాదని ఎవరికైనా తట్టేది.

ఇది సాఫ్ట్‌వేర్ దాచిన సంగతి కాదు. దాని మాన్యువల్‌లో ఎప్పటినుంచో ఉంది: ఈ పొరపాటు చాలామంది చేస్తారు, మీరు చేయకండి, ఇలా రాయండి అని. మా ప్రోగ్రాంలో అలా రాయలేదు. ఒక్క లైను.

ఆ ప్రోగ్రాం రాసింది డాక్టర్ ప్రమీలారాణి. కాన్పుల విభాగం మొత్తాన్ని భుజాన మోసే మనిషి. కరోనా ఏడాది అందరూ తలుపులు మూసుకుంటే, ఆమె వీడియోలు చూసి తనకు తానే ఇది నేర్చుకున్నారు. అడవి ఊళ్ల ఆడవాళ్లు వాగు దాటలేక చనిపోతున్నారని. ఆ జాబితా వచ్చాక చావులు తగ్గాయి. నిజంగా తగ్గాయి. ఈ ఏడాది చివర ఆమె రిటైరవుతారు.

ఇవాళ ఎవరికీ చెప్పలేదు.

జూన్ 18, బుధవారం

రాగానే ఆ ఫైలుని చేత్తో ఒక్కొక్క వరసా చూసి కొత్త జాబితా తీశాను. ఏడుకి లోపు ఉండి పిలుపు అందనివాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల ఊళ్లలో తిరిగే ఏఎన్‌ఎం నర్సులందరికీ ఫోన్ చేసి 'సవరించిన జాబితా' అని పేర్లు చెప్పాను. ఎందుకు సవరించారని ఒక్కరూ అడగలేదు. అడిగే ఓపిక ఎవరికీ లేదు. జీపు డ్రైవర్ దేవ్‌సింగ్ అన్నం కూడా తినకుండా తిరిగాడు. ఒకామెకి ఇంటి దగ్గరే కాన్పయిపోయింది, తల్లీ పిల్లా బాగున్నారు. మిగతావాళ్లు వార్డులో ఉన్నారు.

అందరికీ కబురు వెళ్లింది. ఇంక ఎవరికీ ప్రమాదం లేదు. ఇంక కారణం ఎవరికి కావాలి.

జూన్ 20, శుక్రవారం

మధ్యాహ్నం ప్రమీలారాణి మేడం నా గదికి వచ్చారు. వాళ్ల ఊరు ఎర్రుపాలెం నుంచి ముంజలొచ్చాయట. స్టీలు డబ్బాలో తెచ్చి, నా ఎదురుగా కూర్చుని, తనే ఒలిచి పెట్టారు. ఎన్ని కుట్లు వేసిన వేళ్లో. ముంజె పొర చిట్లకుండా ఒలుస్తున్నారు.

"నేను ఇంట్లో కుక్కర్‌ని కూడా అంత నమ్మలేదు లతా," అన్నారు. "కూత వచ్చినా మూత తీసి చూసుకుంటా. దీన్ని మాత్రం కళ్లు మూసుకుని నమ్మాను."

నేను ముంజె నోట్లో పెట్టుకున్నాను.

"చేత్తో చూసుకుని ఉంటే ఆ పిల్ల పేరు దాటిపోయేదా? నువ్వు రిపోర్టు రాస్తున్నావంట గదా. గట్టిగా రాయి. ఇట్లాంటివి ఆస్పత్రిలోకి రానియ్యొద్దని రాయి."

"పాత కంప్యూటర్‌లో దాని వెర్షన్ పాతది మేడం," అన్నాను. అబద్ధం కాదు.

"అదే కదా. ఎవడు చూసుకుంటాడు దాన్ని? తల్లీ తండ్రీ లేనిదాయె."

వెళ్తూ డబ్బా ఇక్కడే వదిలేశారు, మిగతావి తినమని. తిన్నాను.

జూన్ 22, ఆదివారం. కల్లూరు

ఇంటికి వచ్చాను. వెంకటకృష్ణ పామాయిల్ తోటలో నీళ్ల పైపు పగిలితే అతుకు వేస్తున్నాడు. గట్టు మీద కూర్చుని అంతా చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నా పని గురించి ఇంతసేపు ఎప్పుడూ చెప్పలేదు. పైపు వదలకుండా విన్నాడు.

"ఆమె పేరు రాస్తే ఉద్యోగం పోతదా?"

"పోదు. ఎలాగూ రిటైరవుతుంది. పరువు పోతుంది."

"రాయకపోతే?"

"ఏమీ కాదు. సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది. అది ఎవరిదీ కాదు కాబట్టి ఎవరికీ ఏమీ కాదు."

"మంచిదే గదా మరి. నీ ముఖమేంది గట్లుంది?"

నిద్ర సరిగా లేదన్నాను. అదీ నిజమే. పడుకుంటే సాయంత్రం దాకా లేవలేదు, అత్తయ్య వచ్చి లేపింది.

జూన్ 25, బుధవారం

రిపోర్టు అయిపోయింది. 'ఉచిత సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లు సమాచారాన్ని ఊహించని రీతిలో చదివే ప్రమాదముంది. వీటికి ఏ సంస్థా పూచీ వహించదు. వినియోగదారులకు హెచ్చరికలు అన్ని వేళలా అందవు. ప్రమాద స్థాయి: అధికం.'

ప్రతి వాక్యమూ నిజం. మళ్లీ చదివాను. ప్రతి వాక్యమూ నిజం. ప్రోగ్రాం అనే మాట ఎక్కడా లేదు. దాన్ని ఒకరు రాశారన్న మాటా లేదు. సంతకం పెట్టి పంపించాను.

జూన్ 26, గురువారం

"చాలా బాగా రాశావమ్మా. ఎవరికీ దెబ్బ తగలకుండా," అన్నారు డైరెక్టర్ గారు.

తర్వాత అన్నారు, ఈ వానలకు జాబితా ఆపేస్తున్నాం, కంపెనీ సాఫ్ట్‌వేర్ దసరా దాటాక వస్తుంది, అప్పటిదాకా ఏఎన్‌ఎంలు వాళ్లకు తోచినట్టు చూసుకుంటారు అని.

"వానలు దసరా దాకా ఆగవు సార్."

"అధికం అని రాసింది నువ్వే కదా. అధికం అన్నాక ఎట్లా వాడనిస్తా? ఇది రాకముందు ఈ అడవిలో కాన్పులు కాలేదా?"

"అయ్యాయి సార్."

ఎలా అయ్యాయో నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆయనా అలిసిపోయిన మనిషే. బీపీ మాత్ర చేతిలో పట్టుకుని, వేసుకోవడం మర్చిపోయి నాతో మాట్లాడుతున్నారు.

జూన్ 28, శనివారం

దుర్గ కూతురిని ఇంటికి పంపించారు. పిల్ల బరువు పెరిగింది, పాలు గట్టిగా లాగుతోంది. కొండమ్మ మూట సర్దుకుని మెట్ల మీద కూర్చుంది, కొడుకు ప్రభాకర్, పిల్ల తండ్రి, ఆటో కోసం పోయాడట. నన్ను చూసి పక్కకు జరిగింది. కూర్చున్నాను.

"కంప్యూటర్ తప్పు జేసిందంట గదా బిడ్డా? ఆఫీసోళ్లు మా పిలగానికి జెప్పిండ్రు."

నేను పిల్ల కాలు పట్టుకున్నాను. వేలెడంత పాదం.

"మనిషి జేస్తే తిట్టుకుందును," అంది కొండమ్మ. "ఇంటి ముంగటికి వొయ్యి దుమ్మెత్తిపోద్దును. కడుపుల బాధ కొంత దిగును. మిషినినేమంట? నా కోడలు ఎవ్వల చేతుల వోయిందో తెల్వకుంటనే వోయినట్టు."

ఆటో వచ్చింది. ప్రభాకర్ దిగి మూట అందుకున్నాడు. ముప్పై కూడా ఉండవు. నా వైపు చూడలేదు. కొండమ్మ ఎక్కుతూ, "పోయొస్త బిడ్డా," అంది. నేనేమీ చెప్పలేదు. చెప్పడానికి ఆటో కదిలేదాకా వ్యవధి ఉంది.

జూన్ 30, సోమవారం

ఉదయం ఓపీ అయ్యాక మేడం గదికి వెళ్లాను. తలుపు వేశాను.

"మేడం, తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ప్రోగ్రాంలో ఉంది."

ఆమెకి అర్థం కాలేదు. "ఏ ప్రోగ్రాంలో?"

"మీరు రాసినదాంట్లో."

నవ్వారు. నవ్వుతూనే, "పాత వెర్షన్ అన్నావు కదా?" అన్నారు. పాత కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లి ఆమె ముందే నడిపాను. ప్రోగ్రాంలోకి పోకముందు హిమోగ్లోబిన్ వరసనీ, బయటికొచ్చాక దాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాను. దుర్గ పేరు మీద వేలు పెట్టాను. ఒక పక్క 6.4. ఇంకో పక్క 14.

ఆమె కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. కిందికి పోతూ మిగతా పేర్లూ చూశారు. ప్రతి పేరునీ పెదాలతో చదువుకున్నారు. చివరికి వచ్చాక మౌస్ వదిలేశారు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పదిహేడున."

"నేను ముంజలు తెచ్చిన రోజుకి తెలుసు నీకు."

"తెలుసు."

"గట్టిగా రాయమంటే ఊఁ కొట్టావు."

నేను మౌస్ అందుకుని ఫైలు మూశాను.

"చెప్తే అప్పుడే చెప్పాల్సింది. లేదా అసలు చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడెందుకు చెప్పావు? పో లతా."

వచ్చేశాను. కారిడార్‌లో ఎవరో సిస్టర్ పలకరించింది. ఏమన్నదో వినపడలేదు.

జూలై 1

మేడం సెలవు పెట్టారు. ఆమె ఇన్నేళ్లలో పెట్టిన సెలవులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని సిస్టర్లు అనుకుంటున్నారు.

జూలై 3, గురువారం

రెండో రిపోర్టు రాసి డైరెక్టర్ గారికిచ్చాను. మొదటిదానికంటే పొట్టిది. ఉచితం కావడం వల్ల ఈ చావు రాలేదు. ఇదే ప్రోగ్రాం కొన్న సాఫ్ట్‌వేర్ మీద రాసినా, రెండో మనిషి చూడకపోతే ఇలాంటిదే ఇంకోటి జరిగేది. ప్రోగ్రాంలో తప్పుంది. దాన్ని ఇంకొకరు పరీక్షించాలన్న నియమం ఈ ఆస్పత్రిలో లేదు. పరీక్షించాల్సిన ఉద్యోగంలో ఉన్నది నేను; మేడం రాసింది కదా అని ఎప్పుడూ తెరవలేదు. రెండు కంప్యూటర్లలో రెండు వెర్షన్లున్నాయని ఎవరికీ పట్టలేదు. ఇకమీదట జాబితాలో ప్రతి పేరు పక్కనా అంకె రావాలి. పంపేముందు ఒక డాక్టర్, ఒక లెక్కల మనిషి విడివిడిగా చూడాలి. ఇవి చేస్తే వాడుకోవచ్చు. జాబితా లేకుండా వానల్లోకి పోవడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. అంతే రాశాను.

ఆయన రెండుసార్లు చదివారు.

"నాకు అనుమానం ఉండనే ఉంది," అన్నారు మెల్లగా. "అందుకే నీ మొదటిది చూసి హమ్మయ్య అనుకున్నా. మా ఆవిడకి ఇద్దరు పిల్లల కాన్పూ ఆమె చేతుల మీదే. ఇన్నేళ్లు ఈ అడవిని పట్టుకుని ఉన్న మనిషిని వెళ్లిపోయే ముందు రోడ్డు మీదికి లాగమంటావా?"

"అది మీరూ మేడమూ చూసుకోండి సార్. మొదటిదాని మీద మాత్రం నా సంతకం వద్దు."

"సంతకం పెట్టాక తీసేదుండదమ్మా."

"అయితే రెండూ బోర్డుకి పంపండి."

ఆయన రెండింటినీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. పొమ్మనలేదు. కాసేపు నిలబడి నేనే వచ్చేశాను.

జూలై 5

గోదావరి పెరుగుతోందని పేపర్లో. వాగులు ఇంకా నిండలేదు. మేడం రాలేదు.

జూలై 7, సోమవారం

మేడం వచ్చారు. తిన్నగా డైరెక్టర్ గారి గదికి వెళ్లారట. చాలాసేపు ఉన్నారని అటెండర్ చెప్పాడు. తర్వాత నా తలుపు దగ్గర నిలబడ్డారు, లోపలికి రాలేదు. జుట్టుకి రంగు వేసుకోలేదు. ఒక్కసారిగా వాళ్లమ్మలా కనపడ్డారు, ఆమెని నేనెప్పుడూ చూడకపోయినా.

"నా పేరు పెట్టమన్నాను," అన్నారు. "రెండో రిపోర్టే బోర్డుకి పోతుంది. జాబితా తీయి. రెండు కంప్యూటర్ల మీదా తీయి. రక్తం చీటీలు నాకు పంపు, నేను చేత్తో చూస్తా."

"సరే మేడం."

"నీ మీద కోపం పోలేదు."

"సరే మేడం."

ప్రోగ్రాంలో ఆ ఒక్క లైను దిద్ది తీశాను, సాయంత్రానికి జాబితా వచ్చింది. ఆమె చేతి లెక్కకీ, నా లెక్కకీ ఒక పేరు దగ్గర తేడా వచ్చింది. ఇద్దరం మళ్లీ చూశాం. ఈసారి పొరపాటు ఆమె కంటిది. దిద్దుకుని సంతకం చేసి పంపించారు. అంకెలతో సహా.

జూలై 9, బుధవారం

జాబితాలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ఒకామె మాత్రం రానంటోందని ఏఎన్‌ఎం ఫోన్. ప్రభాకర్ చెల్లెలు. మొన్నటి పరీక్షలో రక్తం 6.3, నెలలు నిండుతున్నాయి. దుర్గకి అట్లా అయ్యాక ఆ ఆస్పత్రి కాగితంలో పేరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని ప్రభాకర్ అన్నాడట.

మేడం విని, "రేపు నేను పోతా," అన్నారు. కాస్త ఆగి, "నువ్వూ రా," అన్నారు.

"ఏం చెప్తాం మేడం?"

"జరిగింది చెప్పకుండా ఏ ముఖం పెట్టుకుని రమ్మంటాం?"

"చెప్తే అసలే పంపకపోవచ్చు."

"పంపకపోవచ్చు," అన్నారు.

జూలై 10, గురువారం

తిరిగొచ్చి, స్నానం చేసి, కూర్చున్నాను. పొద్దుంది ఇంకా. జరిగింది జరిగినట్టు రాయాలి.

దారిలో వాగు మీది లోతట్టు కాజ్‌వే వంతెన మీదికి నీళ్లు అప్పుడే పల్చగా ఎక్కుతున్నాయి. దేవ్‌సింగ్ జీపు ఆపి, దిగి, పాదంతో లోతు చూసి, "సాయంత్రం దాంక ఆగదు మేడం, జల్దీ రావాలె," అన్నాడు.

ప్రభాకర్ అప్పుడే పత్తి గింజలు పెట్టి చేను నుంచి వచ్చాడు. మోచేతుల దాకా మట్టి. కొండమ్మ వసారాలో చీర ఊయలలో మనవరాలిని ఊపుతోంది. గడప లోపల చెల్లెలు నిలబడి ఉంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి, నా కళ్లకే తెలుస్తోంది. మంచం వాల్చారు. మేడం కూర్చోలేదు.

"ప్రభాకర్, దుర్గ పేరు లిస్టులో ఎందుకు రాలేదో చెప్పడానికొచ్చా. కంప్యూటర్ తప్పని మావాళ్లు నీకు చెప్పారు. కంప్యూటర్‌కి ఏం చేయాలో రాసిచ్చింది నేను. నేను రాసినదాంట్లో తప్పుంది. దుర్గ రక్తం ఆరుంటే, అది పద్నాలుగని చదివింది. బాగుందనుకుని పిలవలేదు."

"దాన్ని పరీక్ష చేయాల్సింది నేను," అన్నాను. "చేయలేదు."

ఊయల ఆగింది.

"మళ్ల జెప్పుండ్రి," అన్నాడు ప్రభాకర్.

మేడం మళ్లీ చెప్పారు. అవే మాటలు, ఒక్కటి కూడా మెత్తన చేయకుండా. అతను ఇంటి వెనక్కి పోయాడు. కొండమ్మ లేచి వచ్చి మేడం ముందు నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం కోయ. నీ చేతులిరగ అంది. నీకు పెద్ద సదువెందుకంది. నా కోడలు తలకి నూనె పెట్టుకుని దువ్వుకున్న దువ్వెన ఇంకా ఇంట్లనే ఉందంది. కోయలో అన్నవి నాకు తెలియవు, తెలియకపోయినా తెలుస్తూనే ఉన్నాయి. మేడం తల దించుకోలేదు, ఎత్తలేదు. కొండమ్మ కళ్లలోకే చూస్తూ నిలబడ్డారు. గొంతు బొంగురుపోయేదాకా తిట్టి, కొండమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మేడం పక్కన కూర్చోబోతే చెయ్యి విసిరింది. అయినా కూర్చున్నారు, కాస్త దూరంగా.

ప్రభాకర్ తిరిగొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు.

"మిమ్ముల ఎవలన్న జెప్పమన్నరా?" అని అడిగాడు.

"లేదు."

"కేసు వెడ్తే?"

"పెట్టుకో. మేం రాసింది నీకిస్తాం. అందులో అంతా ఉంది."

"మాఫ్ జెయ్య నేను."

"అడగడానికి రాలేదు ప్రభాకర్. నీ చెల్లెలి కోసం వచ్చాం. రక్తం తక్కువుంది. ఇవాళ తీసుకుపోవాలి."

"అదీ మీ లెక్కేనాయె. నేనెట్ల నమ్మాలె?"

నా సంచిలో వేలు గుచ్చి రక్తం చూసే చిన్న మీటర్ ఉంది. తీసి చూపించాను. "నీ ముందే చూస్తాం," అన్నాను.

అతను చెల్లెలిని పిలిచాడు. ఆమె వచ్చి మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది. మేడం వేలు తుడిచి గుచ్చారు. చుక్క ఎర్రగా కాదు, నీళ్లు కలిపినట్టుంది. మీటర్‌ని నేను చూడకుండానే అతని చేతిలో పెట్టాను. అంకె రావడానికి కాసేపు పట్టింది. ముగ్గురం ఆ చిన్న అద్దం మీదికి వంగాం.

"ఆరు," అన్నాడు ప్రభాకర్. "ఆరు... చుక్క... ఒకటి." తలెత్తాడు. "ఎంతుండాలె?"

"పదకొండు ఉండాలి. ఏడుకి తగ్గితే ఇంట్లో ఉంచకూడదు."

"దుర్గదెంతంటివి?"

"ఆరు చుక్క నాలుగు."

మీటర్‌ని అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత చెల్లెలితో కోయలో ఏదో అన్నాడు. గట్టిగా అనలేదు. ఆమె లోపలికి పోయి బట్టలు సంచిలో పెట్టుకుంటున్న చప్పుడు వినపడింది. కొండమ్మ లేచి కూతురి వెనక పోయి, దుప్పటి తెచ్చి జీపులో పరిచింది.

ప్రభాకర్ ముందు సీటులో దేవ్‌సింగ్ పక్కన కూర్చున్నాడు. వాగు దాటేటప్పుడు నీళ్లు టైర్ల సగం దాకా వచ్చాయి.

జూలై 13, ఆదివారం

కల్లూరు పోలేదు. వెంకటకృష్ణకి ఫోన్ చేసి వాగుల సంగతి చెప్పాను. "సరే, పడుకో కొంచెం," అన్నాడు.

మేడం నాతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు. పని మాటలు చాలానే ఉంటున్నాయి.

పొద్దున వార్డుకి వెళ్లాను. ప్రభాకర్ చెల్లెలికి రక్తం ఎక్కించారు. అతను మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు, మూడు రోజులుగా అక్కడే ఉన్నాడట. సిస్టర్ రక్తం రిపోర్టు తెచ్చి, "పెరిగింది, బాగుంది," అంది.

"ఎంత?"

"ఎనిమిది పైన."

"సూపియ్యి."

సిస్టర్ నా వైపు చూసింది. చూపించమన్నాను. అతను కాగితం తీసుకుని, వేలు పెట్టి చెల్లెలి పేరు చదివి, ఆ వేలిని అడ్డంగా జరుపుకుంటూ అంకె దాకా పోయి, చదివి ఇచ్చేశాడు. 

సిస్టర్ పక్క మంచం దగ్గరికి పోయింది. అక్కడ ఏన్కూరు వైపు నుంచి వచ్చిన ఒకామె, తోడు ఎవరూ లేరు, గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఆమెదెంత?" అన్నాడు ప్రభాకర్.

"నీకెందుకయ్యా? నీ మనిషా?"

"కాదు," అన్నాడు. "ఎవలన్న అడగాలె గద."

సిస్టర్ కాగితం వెతికి చదివింది.